ఎలుకల మీద ప్రయోగం మొదలుపెట్టాలి, మనసు ఒప్పుకోవడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి

తొలిఅడుగు:
అందరికీ నమస్కారం. ఫార్మకాలజీలో పీజీ చేస్తున్నాను, రెండో సంవత్సరం. వచ్చే నెల నుంచి థీసిస్ పని మొదలవుతుంది. ఒక మందు కాలేయాన్ని కాపాడుతుందా లేదా చూడాలి, దానికి 48 ఎలుకలు. ముందు వాటి కాలేయాన్ని మనమే కావాలని పాడుచేయాలి, తర్వాత కొన్నింటికి మందు ఇవ్వాలి, చివరికి అన్నింటినీ చంపి కాలేయం కోసి సూక్ష్మదర్శినిలో చూడాలి. ప్రొటోకాల్ రాస్తున్నప్పుడు నాకేమీ అనిపించలేదు, ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా వచ్చేసింది. పోయిన వారం యానిమల్ హౌస్‌కి తీసుకెళ్ళి ఎలుకని ఎలా పట్టుకోవాలో నేర్పించారు. అది నా అరచేతిలో కూర్చుని మీసాలు ఆడిస్తూ నా వేళ్ళు వాసన చూసింది. అంతే. ఆ రోజు నుంచి ఒకటే టెన్షన్, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

మందులు కావాలని నాకు తెలుసు. నేను వేసుకునే మాత్రలు కూడా ఈ దారిలోనే వచ్చాయని తెలుసు. నేను అడిగేది ఒక్కటే. ఇది నిజంగా అవసరమై చేస్తున్నామా, లేక అందరూ చేస్తున్నారు కాబట్టి చేసుకుపోతున్నామా? తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ విషయం తెలిసి మాట్లాడండి.

చెట్టునీడ:
చేయకండి అనే నా జవాబు. ఎలుక అంటే చిన్న సైజు మనిషి కాదు. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్ 1412 అనే మందుని మొదటిసారి ఆరుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళకి ఎక్కించారు. అంతకుముందు కోతులకి దానికి 500 రెట్లు డోసు ఇచ్చి చూస్తే ఏమీ కాలేదు. ఈ ఆరుగురికీ గంటల్లోనే ఒళ్ళు వాచి, అవయవాలు ఒక్కొక్కటీ దెబ్బతిని, ఐసీయూలో ప్రాణాలతో పోరాడాల్సి వచ్చింది. ఆరుగురూ బతికారు, అది వాళ్ళ అదృష్టం. 1993లో ఫియాలురిడిన్ అని హెపటైటిస్ బి మందు, మీరు చేయబోయేది కూడా కాలేయమే కాబట్టి చెబుతున్నాను, జంతువుల్లో పెద్ద ప్రమాదం కనబడలేదన్నారు. ఆ ట్రయల్‌లో 15 మంది వేసుకుంటే ఏడుగురికి కాలేయం చెడిపోయింది, ఐదుగురు చనిపోయారు. జంతువుల్లో పాసైన మందుల్లో పదింట తొమ్మిది మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒక దశలో ఆగిపోతున్నాయి. ఇంత తప్పే పరీక్ష కోసం మీ చేతిలో కూర్చున్న ఆ ప్రాణిని ఎందుకు చంపాలి?

రెండోపుట:
నేను సైన్స్ మనిషిని కాను. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు రక్తక్యాన్సర్ వచ్చింది. ఇప్పుడు దానికి పదకొండు. ఈ మధ్యలో ఏడేళ్ళు ఎలా గడిచాయో ఇక్కడ రాయను.

దానికి ఎక్కించిన మందుల్లో విన్‌క్రిస్టిన్ ఒకటి. అది బిళ్ళగన్నేరు మొక్క నుంచి వస్తుందని ఒక నర్సమ్మ చెప్పింది. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చుని ఫోన్‌లో అంతా చదివాను. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే ఇద్దరు ఆ ఆకుల కషాయం షుగర్ వ్యాధికి పనిచేస్తుందేమోనని చూశారు. నోటి ద్వారా ఇస్తే షుగర్ ఏమీ తగ్గలేదు. ఎలుకలకి సూది ద్వారా ఎక్కించి చూస్తే అవి కొద్దిరోజుల్లోనే ఇన్‌ఫెక్షన్ వచ్చి చచ్చిపోయాయి. ఎందుకా అని చూస్తే వాటి రక్తంలో తెల్లకణాలు పడిపోయి ఉన్నాయి. తెల్లకణాలు విపరీతంగా పెరిగే జబ్బుకి ఇదే మందు కావచ్చు కదా అని అక్కడ తట్టింది. అలా విన్‌బ్లాస్టిన్ దొరికింది, తర్వాత అదే మొక్కలో ఇంకొకళ్ళు విన్‌క్రిస్టిన్ కనుక్కున్నారు. ఆ ఎలుకలు చావకపోతే, వాటి రక్తం ఎవరూ చూడకపోతే, ఆ మందు ఎప్పుడు వచ్చేదో, అసలు వచ్చేదో లేదో.

చెట్టునీడ గారూ, మీ మాట తప్పని నేను అనను. కానీ 'ఎందుకు చంపాలి' అని మీరు అడిగితే మా అమ్మాయి బడి నుంచి వచ్చే టైము గుర్తొస్తుంది నాకు.

గుళికలు:
మందుల భద్రతా పరీక్షల్లోనే నా ఉద్యోగం, కాబట్టి నా మాటని ఆ లెక్కలోనే తీసుకోండి. పరీక్షలు లేని కాలం ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ మందుని పిల్లలు తాగడానికి వీలుగా టానిక్ చేశారు. కరిగించడానికి వాడింది డైఎథిలీన్ గ్లైకాల్, అది విషం. రుచి చూశారు, రంగు చూశారు, వాసన చూశారు, ఒక్క జంతువుకీ పట్టించి చూడలేదు. వందమందికి పైగా చనిపోయారు, అందులో దాదాపు మూడో వంతు పిల్లలు. మరుసటి ఏడాది, 1938లో, అమ్మే ముందు మందు సురక్షితమని చూపించాలనే చట్టం వచ్చింది. ఆ పరీక్ష పది పదిహేను ఎలుకలతో తేలిపోయేది.

థాలిడోమైడ్ మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు, ఎత్తుతారు కాబట్టి ముందే చెబుతాను. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చింది, కడుపుతో ఉన్నవాళ్ళూ వేవిళ్ళకి వేసుకున్నారు. 1961లో వెనక్కి తీసుకున్నారు, దానివల్ల పదివేల మందికి పైగా పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. 'జంతువుల్లో పాసైంది, మనుషుల్ని దెబ్బతీసింది' అని దీన్ని చూపిస్తుంటారు. నిజానికి అమ్మకానికి ముందు కడుపుతో ఉన్న జంతువుల్లో దాన్ని సరిగా చూడనేలేదు. తర్వాత కుందేళ్ళలో చూస్తే పిల్లలకి అవే లోపాలు కనబడ్డాయి.

చెట్టునీడ:
కుందేళ్ళలో కనబడ్డాయి, ఎలుకల్లో అంతగా కనబడలేదు. ఆ సగం కూడా చెప్పండి గుళికలు గారూ. ఏ జంతువు మనిషికి సరిపోతుందో మనిషికి దెబ్బ తగిలాక గానీ తెలియనప్పుడు ముందుచూపు అనే మాటకి అర్థమేముంది?

గుళికలు:
ఒప్పుకుంటాను, అది పెద్ద లోటే. అందుకే ఒక జాతితో సరిపెట్టకుండా మామూలుగా రెండు జాతుల్లో చూస్తాం, ఎలుక లాంటిదొకటి, కుక్కో కోతో ఇంకొకటి. అయినా కొన్ని తప్పించుకుంటాయి. టీజీఎన్ విషయంలో కోతుల రోగనిరోధక కణాల్లో ఒక రకానికి మనుషుల్లో ఉండే, ఆ మందు అంటుకునే గ్రాహకం లేదని తర్వాత తేలింది. కానీ పట్టుకున్నవాటి సంగతి చూడండి. జంతువుల దగ్గరే ఆగిపోయిన మందుల పేర్లు ఎవరూ చదవరు, ఎందుకంటే వాటివల్ల ఏ మనిషీ చావలేదు.

సంభావ్యత:
ఇప్పటిదాకా మీరంతా 'ఎలుక మనిషిలాంటిదా కాదా' అని వాదిస్తున్నారు. నేను గణాంకశాస్త్రం మనిషిని, నాకు అంతకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఆ ఎలుక మీద చేసిన ప్రయోగమైనా సరిగ్గా చేశారా?

పదింట తొమ్మిది మందులు ఆగిపోవడానికి జాతి తేడా ఒక్కటే కారణం కాదు. ఏఎల్ఎస్ అని కండరాలు చచ్చుబడే జబ్బు ఉంది. దానికి ఒక రకం ఎలుకల్లో ఎన్నో మందులు పనిచేశాయని వ్యాసాలు వచ్చాయి, రోగులు ఆశపడ్డారు, ట్రయల్స్‌లో చేరారు, ఒక్కొక్కటీ విఫలమైంది. తర్వాత ఒక సంస్థ వాళ్ళు వందకి పైగా మందుల్ని అదే రకం ఎలుకల్లో, తగినన్ని ఎలుకలతో, జాగ్రత్తగా మళ్ళీ పరీక్షిస్తే చాలావాటికి అక్కడే ప్రభావం లేదు. అంటే మనిషిదాకా ఎందుకు, ఎలుకలోనే అవి పనిచేయలేదు. మొదటిసారి ఏం జరిగింది? ఏ ఎలుకకి మందు పడాలో చీటీ తీసి కాకుండా చేతికి అందినదాన్ని బట్టి పెట్టడం, ఏది మందు ఎలుకో ఏది మామూలు ఎలుకో తెలిసిన మనిషే ఫలితం రాసుకోవడం, మధ్యలో వేరే కారణంతో చచ్చిపోయినవాటిని లెక్కలోంచి సరిగా తీయకపోవడం, ఫలితం రాని ప్రయోగాన్ని సొరుగులో పెట్టేయడం. నా దృష్టిలో అన్నిటికంటే ఘోరం ఇదే. ప్రాణం తీశాం, దాని నుంచి ఏమీ నేర్చుకోలేదు. పైగా తప్పు నేర్చుకున్నాం, ఆ తప్పుని రోగి మీదకి తోశాం. మంచి ప్రయోగానికి జంతువుని వాడొచ్చా అన్నది మనం ఎంతకాలమైనా వాదించుకోవచ్చు, చెడ్డ ప్రయోగానికి వాడకూడదన్న దగ్గర చెట్టునీడ గారికీ గుళికలు గారికీ కూడా పేచీ ఉండదనుకుంటా.

తొలిఅడుగు గారూ, ఒక్క మాట అడుగుతాను. 48 అనే అంకె ఎక్కడినుంచి వచ్చింది?

తొలిఅడుగు:
నిజం చెప్పాలి కదా. సీనియర్ థీసిస్‌లో అలాగే ఉంది. ఆరు గ్రూపులు, గ్రూపుకి ఎనిమిది. ఏ మందూ లేనివి, కాలేయాన్ని పాడుచేసే కార్బన్ టెట్రాక్లోరైడ్ మాత్రం ఇచ్చినవి, దానితో పాటు పోల్చడానికి సిలిమారిన్ అనే పాత కాలేయం మందు ఇచ్చినవి, తర్వాత మా మందు తక్కువ డోసు, మధ్య డోసు, ఎక్కువ డోసు. ఎనిమిదే ఎందుకని కమిటీ ఫారంలో అడిగారు. 'గణాంకపరమైన ప్రాముఖ్యత కోసం' అని రాశాను. అది కూడా సీనియర్ రాసినదే. ఇది టైప్ చేస్తుంటే సిగ్గుగా ఉంది.

సంభావ్యత:
సిగ్గుపడాల్సింది మీరొక్కరే కాదు. ఫలితంలో ఎంత తేడా కనబడితే ఆ మందుకి అర్థం ఉంటుందో ముందే అనుకుని, ఎలుకకీ ఎలుకకీ మధ్య సహజంగా ఉండే తేడా పాత ఫలితాల నుంచి తీసుకుని లెక్క కడితే ఎన్ని కావాలో వస్తుంది. పాత థీసిస్‌లోని అంకెలు నాకు మెసేజ్ చేయండి, కూర్చుని చేద్దాం. ఎనిమిది కంటే తక్కువ రావచ్చు, ఎక్కువ కూడా రావచ్చు. ఎక్కువ వస్తే అదీ చేయాలి, ఎందుకంటే చాలని సంఖ్యతో చేస్తే అన్నీ వృథాగా పోయినట్టే.

పాతకాపు:
తల్లీ, పద్నాలుగేళ్ళుగా యానిమల్ హౌస్‌లో పనిచేస్తున్నాను. సార్లూ మేడమ్‌లూ రోజుకి ఓ గంట వచ్చి వెళ్తారు. మిగతా ఇరవై మూడు గంటలు వాటితో ఉండేది మేము. నీళ్ళు, మేత, పొట్టు మార్చడం, రాత్రిపూట ఏసీ ఆగిపోతే పరిగెత్తుకెళ్ళడం.

నీకు కొన్ని విషయాలు చెబుతాను, పుస్తకంలో ఉన్నా ఎవరూ చేయరు. చిట్టెలుకని తోక పట్టుకుని ఎత్తడం అందరికీ అలవాటు. అలా ఎత్తితే దానికి భయం. 2010లోనే పరిశోధన చేసి చూపించారు, తోక పట్టుకోకుండా చిన్న గొట్టంలోకి ఎక్కించి ఎత్తినా, రెండు చేతులూ దొప్పలా చేసి ఎత్తినా దాని బెదురు చాలా తగ్గుతుందని, తనంతట తనే మనిషి దగ్గరికి వస్తుందని. గొట్టం కొనాల్సిన పని కూడా లేదు, కేజ్‌లో ఎలాగూ ఒకటి వేస్తాం కదా. చలి కూడా అంతే. గదిని మనకి హాయిగా ఉండేట్టు 22 డిగ్రీల దగ్గర పెడతాం, చిట్టెలుకకి కావాల్సింది 30 దగ్గర. అది రోజంతా వణకకుండా ఉండడానికే ఒంట్లో బలం ఖర్చుపెడుతుంది. వెచ్చగా ఉంచిన ఎలుకల్లో క్యాన్సర్ గడ్డలు నెమ్మదిగా పెరిగాయని 2013లో ఒక వ్యాసం వచ్చింది. అంటే చలిలో ఉన్న ఎలుక చెప్పే జవాబు వేరు, వెచ్చగా ఉన్నది చెప్పే జవాబు వేరు. గూడు కట్టుకోవడానికి నాలుగు కాగితం ముక్కలు ఎక్కువ వేయమంటే కొందరు 'అనవసరం' అంటారు.

నొప్పి మొహంలో కనబడుతుంది. కళ్ళు ముడుచుకుంటాయి, చెవులు వెనక్కి పోతాయి, ముక్కూ బుగ్గలూ వేరేగా కనబడతాయి. దానికి మార్కులు వేసే పద్ధతి కూడా ఉంది, నేర్చుకో. నేర్చుకుంటే ఇక చూడనట్టు ఉండలేవు.

నా చేతుల మీదుగా ఎన్ని పోయాయో నేను లెక్క పెట్టలేదు. మొదట్లో రెండు మూడేళ్ళు ఇంట్లో ఎవరికీ నేనేం పని చేస్తానో చెప్పలేదు. జపాన్‌లో ప్రయోగశాలల వాళ్ళు ఆ జంతువుల కోసం ఏడాదికోసారి కూడి స్మరించుకుంటారట. రష్యాలో నోవోసిబిర్స్క్‌లో ప్రయోగశాల ఎలుకకి 2013లో విగ్రహం పెట్టారు, కళ్ళజోడు పెట్టుకుని డీఎన్ఏని అల్లుతున్నట్టు ఉంటుంది. ఫొటో చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. మా దగ్గర అలాంటిదేమీ లేదు. చివరి కేజ్ కడిగాక నేను ఓ నిమిషం నిలబడతాను, అంతే.

నువ్వు బాధపడుతున్నావంటే ఆ పని నువ్వు చేయొచ్చు. ఏమీ అనిపించనివాళ్ళని చూస్తేనే నాకు భయం.

నీలిగాజు:
పాతకాపు గారూ, రెండుసార్లు చదివాను మీ పోస్టు.

నేను కణాల మీద పనిచేస్తాను, జంతువుల్ని ముట్టుకోను. ప్రత్యామ్నాయాల గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నా వంతు. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు మూడు సూత్రాలు చెప్పారు. జంతువు లేకుండా అయితే అలాగే చేయండి, తప్పకపోతే తక్కువ వాడండి, వాడినవాటికి బాధ తగ్గించండి. మొదటిది కలగా మిగిలిపోలేదు. ఒకప్పుడు గర్భం ఉందో లేదో తెలియాలంటే ఆ స్త్రీ మూత్రాన్ని ఆడ చిట్టెలుకలకి ఎక్కించి, చంపి, అండాశయాలు చూసేవాళ్ళు. తర్వాత కప్ప వచ్చింది, అది గుడ్లు పెడితే గర్భం ఉన్నట్టు. ఇప్పుడు చిన్న పట్టీ, ఐదు నిమిషాలు. ఆ కప్పల్ని ఎవరైనా తలచుకుంటున్నారా? సెలైన్ సీసాలో జ్వరం తెప్పించే పదార్థం ఉందా అని కుందేళ్ళకి ఎక్కించి థర్మామీటర్ పెట్టేవాళ్ళు. దాని స్థానంలో హార్స్‌షూ క్రాబ్ అనే సముద్రజీవి నీలిరంగు రక్తంతో చేసే పరీక్ష వచ్చింది, ఇప్పుడు ఆ రక్తం కూడా అక్కర్లేకుండా ఆ ప్రొటీన్‌ని ల్యాబ్‌లోనే తయారుచేస్తున్నారు. సౌందర్య సాధనాలకి జంతు పరీక్షల్ని ఐరోపా సమాఖ్య 2013లో పూర్తిగా ఆపేసింది, భారతదేశం 2014లో నిషేధించింది. 2022 చివర్లో అమెరికా చట్టం మార్చి, మందుని మనుషుల్లో పరీక్షించే ముందు జంతు పరీక్ష తప్పనిసరి అన్న మాట తీసేసింది, చిప్ మీద పెంచిన అవయవ కణాల్లాంటి పద్ధతుల ఫలితాలూ ఇవ్వొచ్చంది.

ఇక మా వైపు నిజం. చిప్ మీద కాలేయ కణాలు మందుని విరగ్గొడతాయి, విషమైతే చచ్చిపోతాయి, అది బాగా చూపిస్తాయి. కానీ కాలేయంలో విరిగిన ఆ ముక్క రక్తంలో వెళ్ళి కిడ్నీనో గుండెనో నెల తర్వాత ఏంచేస్తుందో, కడుపులో బిడ్డకి ఏమవుతుందో ఒక్క చిప్ ఇంకా చెప్పలేదు. ఇంకోటి, నేను జంతువుల్ని ముట్టుకోను అన్నాను కదా, నా కణాలకి పోసే సీరం కోతకెళ్ళిన చూడి ఆవుల కడుపులోని దూడల రక్తం నుంచి వస్తుంది. అది లేని ద్రావణాలు వచ్చాయి, మా ల్యాబ్‌లో మారమని రెండేళ్ళుగా అడుగుతున్నాను. కాబట్టి నా చేతులు శుభ్రమని నేను అనలేను.

వానచినుకు:
మా కుక్కపిల్లకి పార్వో టీకా వేయించి వచ్చి ఇది చదువుతున్నాను. ఆ టీకాని కూడా కుక్కల మీదే పరీక్షించి ఉంటారు కదా. జంతువుల కోసం జంతువుల మీద చేసేదాన్ని చెట్టునీడ గారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

చెట్టునీడ:
వానచినుకు గారూ, మంచి ప్రశ్న, జవాబు తేలిక కాదు. జబ్బు వచ్చిన కుక్కకి, అది బాగుపడొచ్చన్న ఆశతో కొత్త మందు ఇస్తే నాకు అభ్యంతరం లేదు. ఆరోగ్యంగా ఉన్నదానికి కావాలని జబ్బు తెప్పిస్తే ఉంది, లాభం కుక్కలకే అయినా సరే.

మిగతా అందరికీ. నేను మొదట్లో 'పనిచేయదు' అని వాదించాను. అది నా అసలు మాట కాదని ఇదంతా చదివాక నాకే తెలిసింది. బిళ్ళగన్నేరు కథ చదివాను, 1921లో టొరంటోలో కుక్కల నుంచి ఇన్సులిన్ ఎలా వచ్చిందో నాకూ తెలుసు. పనిచేసిన సందర్భాలు ఉన్నాయి. కానీ ఇది చూడండి. మనిషి జబ్బు తెలుసుకోవడానికి అన్నిటికంటే బాగా పనిచేసేది మనిషి మీద ప్రయోగమే, అడక్కుండా చేసే ప్రయోగం. నాజీ వైద్యులు అదే చేశారు, 1947లో న్యూరెంబర్గ్‌లో ప్రపంచం దాన్ని నేరమంది. ఎంత జ్ఞానం వచ్చినా సరే, ఒప్పుకోనివాడి మీద చేయకూడదంది. అప్పుడు రాసిన న్యూరెంబర్గ్ నియమావళిలోనే మూడో సూత్రంలో మనుషుల మీద చేసే ప్రయోగానికి ముందు జంతువుల మీద చేసిన ప్రయోగాల ఆధారం ఉండాలని రాశారు. నాకు ఆ రెండు వాక్యాలు ఒకే కాగితం మీద ఎలా ఉన్నాయో అర్థం కాదు. ఒప్పుకోలేని పసిబిడ్డని మనం ఇంకా ఎక్కువ కాపాడతాం, ఒప్పుకోలేని ఎలుకని మాత్రం అందుకే వాడుకుంటాం. లాభం ఉందన్నది అనుమతి కాదు అని మనిషి విషయంలో నేర్చుకున్నాం, అక్కడే ఎందుకు ఆగాం?

గుళికలు:
దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మనిషి ప్రాణాన్నీ ఎలుక ప్రాణాన్నీ సమానంగా తూచలేనని మాత్రం చెప్పగలను, తూచలేకపోవడం న్యాయమా అంటే వాదించలేను. కానీ చేతిలో ఉన్న ప్రత్యామ్నాయాన్ని వాడకుండా జంతువుని వాడితే అది తప్పే. మా రంగంలో పాత పరీక్ష అలవాటైపోయి, నియంత్రణ సంస్థ కొత్తది ఒప్పుకుంటుందో లేదో అన్న భయంతో పాతదే చేస్తూపోవడం నేను కళ్ళారా చూశాను, నేనూ చేశాను.

రెండోపుట:
చెట్టునీడ గారూ, మీ ప్రశ్నకి నేనూ జవాబు చెప్పలేను. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ ఆ మందే ఎక్కించమంటాను, అందులో సందేహం లేదు. కాకపోతే మీరు అడగడం మానకండి. అడిగేవాళ్ళు లేకపోతే కప్ప దగ్గరే ఆగిపోయేవాళ్ళేమో కదా.

తొలిఅడుగు:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. సంభావ్యత గారు రెండు సాయంత్రాలు కూర్చుని లెక్క చేయించారు, ఆయనకి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. గ్రూపుకి ఆరు సరిపోతాయని వచ్చింది. మధ్య డోసు గ్రూపు మా ప్రశ్నకి అవసరం లేదని కూడా అప్పుడే అర్థమైంది. ఐదు గ్రూపులు, మొత్తం 30. గైడ్ దగ్గరికి వెళ్ళాలంటే రెండు రోజులు ధైర్యం చాలలేదు. వెళ్ళాక మొదట కోప్పడ్డారు, అనుమతి వచ్చాక మార్పులేంటన్నారు. కాగితం చూశాక మాట్లాడలేదు, మరునాడు పిలిచి కమిటీకి సవరణ పంపమన్నారు. చీటీలు తీసి గ్రూపులు వేస్తాం, కాలేయం స్లైడ్లు చూసే మేడమ్‌కి ఏది ఏ గ్రూపో చెప్పం. మందు పనిచేయకపోయినా ఫలితం ప్రచురిస్తామని అడిగి ఒప్పించాను.

మిగిలిన 18 ఎలుకల గురించి సంతోషపడాలా, ఈ 30 గురించి బాధపడాలా తెలియడం లేదు. చెట్టునీడ గారూ, మీకు నేను చేస్తున్నది తప్పే అనిపిస్తుందని తెలుసు. మీ మాట నాలో ఉంది, పోలేదు.

పాతకాపు గారిని ఒకటి అడగాలి. చివరి రోజు నా చేతులు వణికితే? వణికితే వాటికి ఇంకా బాధ కదా.

చెట్టునీడ:
తప్పే అనిపిస్తోంది. అయినా మీరు మళ్ళీ వచ్చి రాసినందుకు సంతోషం.

పాతకాపు:
వణుకుతాయి. మొదటిసారి నీ ఒక్కదాని మీద వదలరు, పక్కన చేయి తిరిగిన మనిషి ఉంటాడు, లేకపోతే ఉండాలని అడుగు. మిగతావాటి ఎదురుగా చేయొద్దు, ఒక్కోదాన్నీ వేరే గదిలోకి తెచ్చుకో, బల్ల తుడిచాకే రెండోదాన్ని తీసుకురా. మత్తు పూర్తిగా ఎక్కిందో లేదో కాలివేళ్ళ మధ్య గిచ్చి చూడు, కాలు లాక్కుంటే ఆగు, తొందరపడకు. ఇదంతా చివరి రోజు మాట. దానికి ముందు పని ఒకటుంది. ఎలుకలు వచ్చిన రోజు నుంచే వాటి దగ్గరికి వెళ్ళు. మందు ఇవ్వడానికి కాదు, ఊరికే. ఘాటు వాసనల సబ్బు, సెంటు వద్దు. కేజ్‌లో చేయి పెట్టి కదలకుండా ఉంచు, అవే వచ్చి వాసన చూస్తాయి. వారం రోజులకి నీ చేయి వాటికి అలవాటవుతుంది, వాటిని పట్టుకోవడం నీ చేతికి అలవాటవుతుంది. రోజూ పది నిమిషాలు చాలు తల్లీ, పొద్దున్నే అయితే గది ప్రశాంతంగా ఉంటుంది.